నోల్ట్ వారి నల్ల వ్యాను

లోరీన్ నోల్ట్ వ్యాను కొనడానికి బయలుదేరుతూ ఒళ్లో చిక్కుడుకాయల బుట్ట పెట్టుకుని కూర్చుంది. చేతిసంచిలో బట్టలు కొలిచే టేపు వేసుకుంది. వెనక సీట్లో అత్తగారి చక్రాల కుర్చీ మడిచి పెట్టించింది. అత్తగారు మాత్రం ఇంట్లోనే ఉంది.

"కుర్చీ ఎందుకో అర్థమైంది. చిక్కుళ్ళెందుకు?" అన్నాడు ఆమె మొగుడు కర్విన్, కారు రోడ్డెక్కిస్తూ.

"దుకాణం వాళ్ళు మేనేజర్ని అడిగొస్తామని లోపలికి పోతారు, అరగంట దాకా రారు. మనకి విసుగొచ్చి ఎక్కడంటే అక్కడ సంతకం పెట్టేస్తామని వాళ్ళ ఎత్తు. వలుచుకోడానికి చిక్కుళ్ళుంటే నాకు విసుగెందుకొస్తుంది?"

కర్విన్ ఇనప గేట్లు చేసే మనిషి, అరటన్ను ఇనుమైనా ఇటునుంచి అటు జరుపుతాడు గానీ మెడలో టై కట్టుకున్నవాడు ఎదురైతే గొంతు పెగలదు. కొనుగోళ్ళన్నీ లోరీన్‌వే. ఆవిడ నోటి ముందు లాంకాస్టర్ కౌంటీలో ఏ దుకాణదారుడి పప్పులూ ఉడకవని మా క్రైస్తవ సంఘంలో అందరికీ తెలుసు. ఆవిడక్కూడా తెలుసు, అదే కాస్త ఎక్కువ తెలుసు.

వ్యాను లేనిదే గడవని అవసరం వాళ్ళది. పిల్లలు ఐదుగురు, మొగుడూ పెళ్ళాం, కర్విన్ తల్లి సుసన్నా. మొత్తం ఎనిమిది మంది. కారేమో ఐదుగురిది. ఆదివారం ప్రార్థనకి రెండు విడతలుగా పోవడం, మొదటి విడత వాళ్ళు పాట మధ్యలో ఉండగా రెండో విడత వాళ్ళు తలుపు తోసుకుని రావడం, బెంచీల మీదున్న వాళ్ళందరూ మెడలు తిప్పి చూడడం ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంది. సుసన్నాకి తుంటి విరిగాక ఆ తంటా కూడా లేదు. ఎనభై నాలుగేళ్ళ మనిషి ఆ పల్లపు కారులోకి దిగలేదు, దిగితే లేవలేదు. రెండేళ్ళుగా గుడి గడప తొక్కలేదు. ఏడాదికి రెండుసార్లు వచ్చే ప్రభువు బల్ల, అంటే సంఘమంతా కలిసి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధన, నాలుగుసార్లు తప్పిపోయింది. సంఘ పెద్దలు రొట్టె ఇంటికే తెస్తామన్నారు. ఆవిడ ఒప్పుకుంటేగా!

"రొట్టె విరిచేది బల్ల దగ్గర, మంచం దగ్గర కాదు. రాలేనినాడు నాకు రొట్టె లేదు, అంతే," అని పంపించేసింది.

వేసవిలో డాక్టరు గుండె చూసి, వచ్చే వసంతం సంగతి చెప్పలేనన్నాడు. ఆ సాయంత్రమే లోరీన్ వంటింట్లో అందరి ముందూ గరిటె బల్ల మీద కొట్టి చెప్పింది. "అత్తయ్యా, ఈ అక్టోబరు బల్లకి మిమ్మల్ని మన బెంచీ పక్కన కూర్చోబెడతాను. పెట్టకపోతే నన్ను లోరీన్ అనకండి." ఆగస్టు నుంచి నాలుగు దుకాణాలు తిరిగింది. ఇవాళ గురువారం. బల్ల ఈ ఆదివారమే.

ఐదో దుకాణంలో మా వాళ్ళందరికీ బళ్ళమ్మిన డెన్నీ ఫ్లోరిడాకి పోయి స్థిరపడ్డాడు. అతని స్థానంలో ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన రాక్సాన్ పెట్రిల్లో అనే ఆవిడ ఉంది. యాభై ఏళ్ళుంటాయి, ఎర్ర కళ్ళజోడు, గలగలా మాట్లాడే మనిషి. లోరీన్ తెల్ల కుచ్చు టోపీనీ నిలువు గౌనునీ చూసి ఒక్క క్షణం తటపటాయించి, కర్విన్ వైపు చెయ్యి చాపింది.

"ఆయన గేట్లు చేస్తాడు, బండి కొనేది నేను," అంది లోరీన్, ఆ చెయ్యి తనే అందుకుని. "ఎనిమిది సీట్లు. నల్లది. చూపించండి."

సోమవారం నుంచి ఒకటే ముసురు. అద్దాల అవతల బళ్ళన్నీ వాన నీటిలో బూడిదరంగు ముద్దల్లా ఉన్నాయి. ఎనిమిది సీట్లవి తెల్లవి మూడున్నాయి, వెండిరంగుది ఒకటుంది. హాలు మధ్య దీపాల కింద మెరుస్తూ నల్లది ఒకే ఒక్కటుంది.

లోరీన్ ముందు టేపు తీసింది. చక్రాల కుర్చీ విప్పి దాని సీటు ఎత్తు కొలిచింది. వ్యాను పక్క తలుపు జరిపి లోపలి సీటు ఎత్తు కొలిచింది. రెండు వేళ్ళ తేడా ఉంది.

"కర్విన్, ఇలా రా. కూర్చో కుర్చీలో."

"నేనా?"

"ఇప్పుడు నువ్వు మీ అమ్మవి. కుడి తుంటి వంగదు. ఎడమ చెయ్యి నామీద వెయ్యి. లే."

కర్విన్ చుట్టూ చూశాడు. అవతల బల్లల దగ్గర టై కట్టుకున్నవాళ్ళు ఇద్దరు పని మానేసి చూస్తున్నారు. చెవులు ఎర్రబడ్డాయి గానీ, తల్లిలాగే మూలుగుతూ లేచి, తల్లిలాగే కాలు ఈడ్చి, వ్యాను సీటు మీదికి చేరాడు.

"అమ్మ ఇంత సేపట్లో నన్ను రెండుసార్లు తిట్టేది," అన్నాడు లోపలినుంచి.

"ఆ లోటు నేను తీరుస్తాలే. తల తగిలిందా?"

"లేదు."

"రాక్సాన్ గారూ, మీరు వెనక వరసలోకెళ్ళి కూర్చోండి. అక్కడ నా పెద్దపిల్ల కూర్చోవాలి. దాని కాళ్ళు నాకంటే పొడుగు."

రాక్సాన్ ఎత్తు మడమల జోళ్ళు విప్పి చేత్తో పట్టుకుని మరీ వెనక వరసలోకి దూరింది. "ఇరవై రెండేళ్ళుగా ఈ ఉద్యోగం చేస్తున్నాను మేడమ్. వెనక వరసలో కూర్చోవడం ఇదే మొదటిసారి," అంది మోకాళ్ళు సర్దుకుంటూ.

"ఎలా ఉంది?"

"నిజం చెప్పాలా?"

"మీరు అబద్ధం చెబితే నా కూతురు ప్రతి ఆదివారం చెబుతుంది నిజం."

"గంట ప్రయాణమైతే ఫర్వాలేదు. రెండు గంటలైతే మీ అమ్మాయి మీతో మాట్లాడదు."

లోరీన్‌కి ఆవిడ నచ్చింది. చక్రాల కుర్చీ వెనక గుంటలో పడుకోబెట్టి చూసింది, పట్టింది. మా వాళ్ళు రేడియో వినరు కాబట్టి దాని తీగలు తీయించాలని, పైన యాంటెనా ఉండకూడదని చెప్పింది. రాక్సాన్ కళ్ళజోడు పైకి తోసింది.

"రేడియో తీసేయాలా? కొనేవాళ్ళందరూ ఇంకో రెండు స్పీకర్లు అడుగుతారు మేడమ్!"

"మాకు ఐదుగురు పిల్లలు. స్పీకర్లు చాలినన్ని ఉన్నాయి."

కాగితాలకి ముందు రాక్సాన్ ఒక మాట అంది. అనలేదని తర్వాత ఎవరూ అనడానికి లేదు. "ఒకసారి బయటికి తీయించనా మేడమ్? వాన తగ్గేదాకా ఆగితే వెలుతురులో రంగు చూసుకోవచ్చు."

లోరీన్ నవ్వింది. "ఇరవై ఏళ్ళుగా నల్ల గుడ్డ కుడుతున్నానమ్మా నేను. నల్ల దారం, ముదురు నల్ల దారం కళ్ళు మూసుకుని వేరు చేస్తా. నాకు నలుపు చూపిస్తారా మీరు?"

రాక్సాన్ భుజాలెగరేసి ధర మాట్లాడడానికి మేనేజర్ దగ్గరికి పోయింది. లోరీన్ చిక్కుళ్ళ బుట్ట తెరిచింది. మొదటిసారి రాక్సాన్ తిరిగొచ్చేసరికి పావు బుట్ట అయింది. లోరీన్ తలెత్తకుండా "ఇంకాస్త దిగమనండి," అంది. రెండోసారి వచ్చేసరికి సగం అయింది. మూడోసారి రాక్సాన్ ఎదురుగా కూర్చుని తనూ నాలుగు కాయలు తీసుకుంది. "మా నోనా, అదే మా అమ్మమ్మ, ఇలాగే వలిచేది," అంది. బుట్ట అడుగు కనిపించేసరికి ధర లోరీన్ అనుకున్న చోటికి దిగొచ్చింది. పాత కారు అక్కడే వదిలేశారు.

ఇంటికి వ్యాను లోరీనే నడిపింది. తిన్నగా పోతే పది నిమిషాల దారి. కానీ ఆవిడ చుట్టు తిరిగి ఆడబిడ్డ యూనిస్ ఇంటి ముందు నుంచి పోనిచ్చింది, అదీ నెమ్మదిగా. వాన నీళ్ళు ఆ నున్నటి ఒంటి మీద నిలవకుండా జారిపోతుంటే ఆవిడ గుండె పొంగింది. మాలో అలా పొంగకూడదు. పొంగింది, ఏం చేస్తాం!

శుక్రవారం ఉదయం ముసురు విడిచి ఎండ కాసింది. లోరీన్ పొయ్యి దగ్గర ఉండగా నాలుగేళ్ళ వెండెల్ వాకిట్లోంచి పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, అమ్మా! మన బండి రాత్రికి రాత్రి నీలం అయిపోయింది!"

"పిచ్చివాగుడు వాగకు. మొహం కడుక్కో."

"నిజమమ్మా! మిలమిలలు కూడా ఉన్నాయి!"

లోరీన్ చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చి, మెట్ల మీదే ఆగిపోయింది. వాకిట్లో నిలబడి ఉన్నది నీలం వ్యాను. ముదురు నీలమే, కాదనం, కానీ నీలం. ఎండ పడిన చోటల్లా లోపల్నుంచి పొడి పొడిగా వెండి రజను మెరుస్తోంది. కర్విన్ షెడ్డులోంచి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అటునుంచి చూస్తే..." అని మొదలుపెట్టాడు కర్విన్.

"ఎటునుంచి చూసినా నీలమే. ఊరుకో," అంది లోరీన్.

కొత్తగా వచ్చిన వాళ్ళెవరైనా ఇది చదివితే వాళ్ళ కోసం ఒక్క మాట. మా సంఘంలో కార్లున్నాయి, గుర్రబ్బండి వాళ్ళం కాదు మేము. కానీ నల్ల కారే. అందరిదీ నలుపైతే ఎవడి కారు గొప్పదో చూసే పని ఉండదని మా పెద్దలు పెట్టిన కట్టుబాటు.

లోరీన్ ఫోన్ తీసి రాక్సాన్‌కి చేసింది.

"బయటికి తీయిస్తానన్నాను కదా మేడమ్," అంది రాక్సాన్, పాపం మెత్తగానే.

"అన్నారు. నేనే విర్రవీగాను. తప్పు మీది కాదు. అసలు నల్లది ఎప్పటికి తెప్పించగలరు?"

"ఆరు వారాలు. త్వరగా అంటే ఐదు."

రంగులేసే దుకాణం వాడు రెండు వారాల దాకా చెయ్యి ఖాళీ లేదన్నాడు. పాత కారు నిన్ననే ఎవరికో అమ్ముడైపోయింది. లోరీన్ ఫోన్ పెట్టేసి, సంఘ పెద్ద ఎల్విన్ దగ్గరికి తనే బయలుదేరబోతుంటే, పాల బండి మీద పోతున్న ఆయనే వాకిట్లో నీలం మెరుపు చూసి ఆగాడు. దిగి వ్యాను చుట్టూ ఒక చుట్టు తిరిగాడు.

"లోరీన్, ఇదేమిటమ్మా?"

"నా కళ్ళ పొగరు అన్నయ్యా. దీపాల కింద నలుపే. ఒట్టు."

ఎల్విన్ గడ్డం నిమురుకుంటూ నవ్వు ఆపుకున్నాడు. "తెలిసి చేసింది కాదు. ఈ ఆదివారానికి దీంట్లోనే రండి, సుసన్నమ్మని తీసుకురండి. ఆవిడ బల్లకి రావడం ముఖ్యం. రంగు సంగతి నెలాఖరులోగా చూసుకుందురు గాని."

లోరీన్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. అంతలో వరండాలోంచి చక్రాల కుర్చీ కిర్రుమంది.

"నేను రాను," అంది సుసన్నా.

"అమ్మా, ఎల్విన్ గారే రమ్మంటున్నారు కదా," అన్నాడు కర్విన్.

"ఎల్విన్ నిన్నగాక మొన్న పెద్ద అయ్యాడు. రమ్మంటాడు, మంచివాడు. నేను మాత్రం నీలం బండిలో గుడికి రాను. ససేమిరా రాను."

పెద్దాయన తల గోక్కుంటూ పాల బండి ఎక్కి వెళ్ళిపోయాడు. లోరీన్‌కి ఒళ్ళు మండింది. గబగబా వరండా ఎక్కి అత్తగారి ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏమిటత్తయ్యా మీ పట్టుదల? రెండు నెలలు తిరిగాను మీకోసం. కర్విన్ అందరి ముందూ మీలా కుంటుతూ నడిచాడు. మీ తుంటి ఎత్తు కొలిచి మరీ తెచ్చాను! పెద్దలకి లేని పట్టింపు మీకెందుకు?"

"అరవకు."

"కొద్దిగా మెరుస్తుంది, అంతేగా! కళ్ళు మూసుకుని ఎక్కండి."

"నేను మూసుకుంటా. లిడియా మూసుకుంటుందా?"

లిడియా సుసన్నా ఆడబిడ్డ, ఎనభై రెండేళ్ళది. ప్రతి ఆదివారం అదే బెంచీ చివర కూర్చుంటుంది. ఆవిడ పేరు ఇక్కడ ఎందుకొచ్చిందో లోరీన్‌కి తట్టలేదు.

"కూర్చో," అంది సుసన్నా. లోరీన్ మెట్టు మీద కూర్చుంది. "అప్పటికి మీ మామగారు బోధకుడై ఏడాది కాలేదు. లిడియా మొగుడు ముదురు ఎరుపు కారు కొన్నాడు. అతనూ నీలాగే, సాయంత్రం దీపాల్లో చూసి నలుపనుకున్నాడు. మీ మామగారు నెమ్మదిగా మార్చుకోమందామన్నారు. వీల్లేదన్నాను నేను. ఇరవై నాలుగేళ్ళ దాన్ని, బోధకుడి భార్యనని ఒకటే నిక్కు. రేపే అమ్మేయాలన్నాను. అమ్మేశారు. ఇంకోటి కొనడానికి వాళ్ళకి వసంతం దాకా పట్టింది. ఆ చలికాలమంతా లిడియా చంటిదాన్ని శాలువాలో చుట్టుకుని రెండు మైళ్ళు నడిచి గుడికొచ్చింది. మా నల్ల కారు ఆవిణ్ణి దాటిపోయేది. ఒక్కనాడైనా ఆపమని నేనన్లేదు."

లోరీన్ తలెత్తి అత్తగారి మొహంలోకి చూసింది.

"ఆవిడ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది," అంది సుసన్నా. "ఇప్పుడు నేను ముసలిదాన్నయ్యాను కదా అని, అందరూ జాలిపడి, నన్ను నీలం బండిలో దింపుతారు. లిడియా చూస్తూ ఉంటుంది. నాకు రొట్టె గొంతు దిగుతుందా, చెప్పు?"

కోపమంతా ఎటుపోయిందో పోయింది. ఇరవై ఏళ్ళు ఒక కప్పు కింద బతికి ఈవిడ ఏడవగా చూడలేదు లోరీన్. ఇప్పుడూ ఏడవలేదు గానీ, చేతులు మాత్రం ఒళ్ళో ఊరికే ఉండడం లేదు. మాట ఇచ్చింది తను. ఈ అక్టోబరు దాటితే ఇంకో బల్ల ఉంటుందన్న నమ్మకం ఎవరికీ లేదు.

"కర్విన్!" అని కేకేసింది. "గేట్లకి వేసే నల్ల రంగు ఎన్ని డబ్బాలున్నాయి?"

షెడ్డు గుమ్మంలో కర్విన్ బిగుసుకుపోయాడు. "నాలుగు. ఎందుకు?"

"ఎందుకో నీకు తెలుసు."

"లోరీన్, అది గేటు రంగు! బ్రష్షుతో వేసేది! నిన్న కొన్న బండి!"

"నిన్న కొన్నది నేనేగా."

"ముందు గరుకు కాగితంతో ఒళ్ళంతా గీకాలి. లేకపోతే రంగు పట్టదు. గీకితే ఇంక ఆ నునుపు తిరిగి రాదు. ఈ జన్మకి రాదు. ఆలోచించు."

ఆలోచించింది. గరుకు కాగితం చేతిలోకి తీసుకుని వ్యాను ముందు నిలబడి మరీ ఆలోచించింది. ఎండలో ఆ నీలం ఎంత అందంగా ఉందో అప్పుడు తెలిసింది ఆవిడకి. యూనిస్ ఇంటి ముందు నుంచి నెమ్మదిగా పోనిచ్చింది నల్ల వ్యానుని కాదు, మెరిసే వ్యానుని. తన మొహం తలుపు మీద నిలువుటద్దంలో లాగా కనిపిస్తోంది, టోపీ కుచ్చులతో సహా. ప్రాణం ఉసూరుమంది. కర్విన్, వెండెల్ పక్కనే నిలబడి చూస్తున్నారు.

తలుపు మీద, సరిగ్గా తన మొహం ఉన్న చోట, కాగితం ఆనించి బర్రుమని ఒక్క గీకు గీకింది.

"అయిపోయింది," అంది వెనక్కి తిరిగి. "ఏం చూస్తున్నారు? తలో కాగితం తీసుకోండి."

మిగతా పిల్లలు బడి నుంచి వచ్చాక ఐదుగురూ ఇటు ముగ్గురు, అటు ఇద్దరుగా పడ్డారు. కిటికీల అద్దాలకి పాత వార్తాపత్రికలు అంటించారు. కర్విన్ మొదట్లో ఏడుపు మొహంతో గీకాడు గానీ, పనిలో పడ్డాక గేటుకీ బండికీ తేడా మర్చిపోయాడు. సాయంత్రానికి వ్యాను బూడిద పూసుకున్న సన్యాసిలా నిలబడింది. శనివారం పొద్దున్నే రంగు డబ్బాలు తెరిచారు. మా ఆడవాళ్ళకి మొదటి మంచు పడేదాకా చెప్పుల అలవాటు లేదు, లోరీన్ వట్టి కాళ్ళతోనే నిచ్చెనెక్కి పైకప్పుకి రంగు వేసింది. అది చుక్కలు చుక్కలుగా కాళ్ళ మీద పడుతుంటే తుడుచుకునే తీరికెక్కడిది!

పదింటికి సుసన్నా కుర్చీ వాకిట్లోకి దొర్లింది.

"నాకో బ్రష్షు ఇవ్వండి."

"మీకెందుకత్తయ్యా? ఎండలో..."

"కింది అంచు మీకెవరికీ అందదు. నాకు సరిగ్గా అందుతుంది. నాకూ ఒక పని ఉంది ఈ భూమ్మీద, ఇవ్వు."

ఆవిడ పక్క తలుపు కింది అంచు మొత్తం తనే వేసింది. చెయ్యి వణికినా ఒక్క నీలం చుక్క మిగల్చలేదు. మధ్యలో కోడలి పని చూసి "పైన పల్చగా వేశావు, ఎండకి కనబడుతోంది," అని ఒక విసురు విసిరింది. "పైకప్పు దేవుడికి తప్ప ఎవరికీ కనబడదత్తయ్యా," అంది లోరీన్. "ఆయనకి కనబడితే చాలదా నీకు?" అంది అత్తగారు. కర్విన్ నవ్వాపుకోలేక డబ్బాలో బ్రష్షు జారవిడిచాడు.

ఆదివారం ఉదయం ఎనిమిది మందీ ఒక్క విడతలో ఎక్కారు. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు, "ఎవడైనా ముట్టుకున్నాడో!" అని లోరీన్ బెదిరిస్తూనే ఉంది. ముందు మూతి మీద ఒక మేపుల్ ఆకూ రెండు దోమలూ అంటుకుపోయాయి. గుడి పక్కన నల్ల కార్ల వరసలో వ్యాను ఆపితే, అన్ని బళ్ళ మధ్యా అంత వికారమైన బండి ఇంకోటి లేదు. బ్రష్షు చారలు నిలువునా ఒక చోట, అడ్డంగా ఒక చోట. యూనిస్ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఎల్విన్ పెద్ద వచ్చి, చూసి, టోపీ తీసి ఊరికే నిలబడ్డాడు.

తలుపు జరిపి, కర్విన్ కుర్చీ పట్టుకుంటే, రెండు వేళ్ళ తేడాలో సుసన్నా నొప్పి లేకుండా దిగింది. లిడియా కర్ర పొడుచుకుంటూ దగ్గరికొచ్చింది. వ్యానుని కింద నుంచి పైదాకా చూసింది. తర్వాత వదినగారి వేళ్ళ సందుల్లో నల్ల మరకలు చూసింది.

"ఇది నువ్వు వేశావా వదినా?"

"కింది అంచు," అంది సుసన్నా. "లిడియా, ఆ చలికాలం నేను..."

"తెలుసు," అంది లిడియా. "లోపలికి పద, పాట మొదలవుతుంది." కర్ర లోరీన్ చేతిలో పెట్టి కుర్చీ వెనక పట్టు తను పట్టుకుంది.

సుసన్నా బల్ల దగ్గర రొట్టె తీసుకుంది, ద్రాక్షరసం తాగింది. ఆ తర్వాత మా పద్ధతి ప్రకారం ఆడవాళ్ళు ఆడవాళ్ళ వైపు, మగవాళ్ళు మగవాళ్ళ వైపు ఇద్దరిద్దరుగా ఒకరి కాళ్ళొకరు కడగాలి. లోరీన్ తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చుని అత్తగారి మేజోళ్ళు విప్పి, వాచిన ఆ పాదాలు గోరువెచ్చని నీళ్ళలో కడిగి, తుడిచింది. వంగలేని వాళ్ళు తిరిగి కడగనక్కర్లేదు, వాళ్ళకి మినహాయింపు ఉంది. లోరీన్ తువ్వాలు మడిచి లేవబోయింది.

"ఎక్కడికి?" అంది సుసన్నా.

"మీరు వంగలేరు కదత్తయ్యా."

"నేను వంగను. నీ కాలే పైకి రావాలి. లిడియా, ఆ తొట్టి ఇలా పట్టుకో. బెంచీ మీద కూర్చో నువ్వు."

లిడియా తొట్టి ఎత్తి కుర్చీ చేతి మీద ఆనించి పట్టుకుంది. లోరీన్ సిగ్గుతో ముడుచుకుపోతూ కాలు చాపింది. సుసన్నా ఆ కాలు తన ఒళ్లో, నల్ల గౌను మీద పెట్టుకుంది. దోసిట్లో నీళ్ళు తీసి పోసింది. పాదం నిండా నల్ల రంగు చుక్కలు ఉన్నాయి. రాత్రి సబ్బుతో ఎంత రుద్దినా పోలేదు. ఆవిడ బొటనవేలితో ఒక్కొక్క చుక్కనీ రుద్దసాగింది.

"పోవత్తయ్యా అవి. టర్పెంటైన్ కావాలి," అంది లోరీన్ గొంతు తగ్గించి.

"నాకు తెలుసు," అంది సుసన్నా. రుద్దడం మాత్రం ఆపలేదు.

ఎన్నడూ మాటకి తడుముకోని లోరీన్‌కి అప్పుడు మాట రాలేదు. బెంచీలన్నీ చూస్తుండగా కళ్ళనీళ్ళు బొటబొటా కారిపోయాయి. తుడుచుకోవడానికి తువ్వాలు కూడా చేతిలో లేదు, అది అత్తగారి దగ్గరుంది. సుసన్నా ఆ పాదం తడి లేకుండా వేళ్ళ సందుల దాకా తుడిచి, మెల్లగా కింద పెట్టింది.

"ఏడుపెందుకే పిచ్చిదానా," అంది. "రెండో కాలు ఇలా పెట్టు."